ఎండాకాలంలో చిన్న రీఫ్ ట్యాంక్‌: వేడి, ఉప్పు అదుపు చేసిన తీరు

మాది హైదరాబాద్. ఇంట్లో 60 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్ ఉంది. అందులో ఒక జత క్లౌన్ చేపలు, కొన్ని మెత్తటి పగడాలు. ఏప్రిల్‌లో నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటేసరికి పగడాలు ముడుచుకుపోయాయి. చాలా టెన్షన్ పడ్డాను.

నీటిని చల్లబరిచే యంత్రం, అదే చిల్లర్, ఖరీదెక్కువ. అందుకే గాజు మూత తీసి వల మూత వేశాను. నీటి మీదుగా గాలి వీచేలా రెండు 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్లు బిగించాను. ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది కదా, 27 దగ్గరికి దిగింది. మన పొడి ఎండల్లో ఇది భేషుగ్గా పనిచేస్తుంది. గాలిలో తేమ ఎక్కువుండే విశాఖలో అంత ఫలితం రాదు.

అయితే ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే మిగిలిపోతుంది. చిన్న ట్యాంకులో, ఉప్పు ఎంతుందో తెలిపే సాపేక్ష సాంద్రత 1.025 నుంచి చూస్తుండగానే పెరుగుతుంది. తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. నీటి మట్టాన్ని కనిపెట్టే ఫ్లోట్ సెన్సర్, చిన్న పంపుతో ఆటో టాప్ ఆఫ్ (తగ్గిన నీటిని పక్కనున్న డబ్బాలోంచి దానంతటదే నింపే ఏర్పాటు) పెట్టాక ఆ బాధ తప్పింది. సెన్సర్ ఇరుక్కున్నా ట్యాంక్ పొంగకుండా నీళ్ల డబ్బా చిన్నదే పెట్టండి. అందులో బోరు నీళ్లు వద్దు. ఆర్‌వో ఫిల్టర్ తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ కూడా దాటి, నీటిలో కరిగిన పదార్థాలను కొలిచే టీడీఎస్ మీటర్ 0 చూపించే నీళ్లు కావాలి. లేదంటే మిగిలిన సిలికేట్, ఫాస్ఫేట్ నాచుకు తిండవుతాయి.

ఇంకో మాట. రాతిలాంటి గట్టి అస్థిపంజరం ఉండే రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అత్యధిక రక్షణ ఇచ్చే షెడ్యూల్ 1లో ఉన్నాయి. ఎవరు అమ్మజూపినా దయచేసి కొనకండి.