పెద్దల నోట పాత పాట మళ్లీ పలకాలంటే
1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చిన గుంటూరులో తరతరాలుగా పాడుతున్న తెలుగు క్రైస్తవ కీర్తనలైనా, ధనుర్మాసపు గొబ్బి పాటలైనా, ఊడుపు పాటలైనా, మతిమరుపు కమ్మిన పెద్దలలో సైతం తరచుగా చాలాకాలం నిలిచి ఉంటాయి. రాగంతో, లయతో కలిపి నేర్చిన మాట అంత లోతుగా నాటుకుంటుంది. అందుచేత ‘ఆ పాట గుర్తుందా?’ అని అడిగి వారిని కలవరపెట్టకండి. పల్లవిలో మొదటి సగాన్ని, వారి గొంతుకు అందే తగ్గు శ్రుతిలో, చిన్ననాట వారు విన్న వరుసలోనే నెమ్మదిగా పాడి ఆగండి. మిగిలినది వారే అందుకోవచ్చు. కొత్త బాణీ ఇక్కడ పనికిరాదు. కీర్తనను కుటుంబ ప్రార్థనలో, మేలుకొలుపును తెల్లవారుజామున పాడితే, జ్ఞాపకంతోపాటు భక్తి కూడా కదులుతుందని నా గట్టి నమ్మకం. పదం తప్పినా సరిదిద్దవద్దు. పాట ముగిశాక, అది ఎవరు నేర్పారో, ఏ ఊరిలో పాడేవారో అడిగి, వారి అనుమతితో ఫోనులో రికార్డు చేయండి.