రాత్రే కలిపి, పండగ పొద్దున బేక్ చేసే బెల్లం బ్రెడ్ పుడ్డింగ్: జాగ్రత్తలు

☐ బ్రెడ్ నిన్నటిదై ఉండాలి. తాజాదైతే తెల్లారేసరికి ముద్దైపోతుంది.

☐ అన్నిటికన్నా ముఖ్యం బెల్లం. వేడి పాలల్లో వేస్తే పాలు విరిగిపోతాయి. మన చిత్తూరు బెల్లాన్ని కాసిని నీళ్లలో కరిగించి, ఇసుక, పీచు పోయేలా వడకట్టండి. పూర్తిగా చల్లారాకే చల్లటి పాలల్లో కలపాలి. ఈ ఒక్కచోట తొందరపడకండి.

☐ గుడ్లు కలిపితే రాత్రంతా మూతపెట్టి ఫ్రిజ్‌లోనే ఉంచాలి. తిరుపతి ఎండలకు వంటగట్టు మీద వదిలేయడం ప్రమాదం. పండగ పూట గుడ్డు వద్దనుకునేవాళ్లు కస్టర్డ్ పొడిని ముందే పాలల్లో ఉడికించి చల్లార్చుకోండి.

☐ ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు గిన్నె వేడి ఓవెన్‌లో పగలొచ్చు. అల్యూమినియం కేక్ గిన్నె మేలు.

☐ మైక్రోవేవ్ ఓవెనైతే అల్యూమినియం గిన్నె కన్వెక్షన్ మోడ్‌లో మాత్రమే.

☐ 180 డిగ్రీలు. మధ్యలో పుల్ల గుచ్చితే పచ్చి పాలు అంటకూడదు.

☐ జీడిపప్పు పొద్దునే చల్లండి.