నడుము నొప్పికి చేతి వైద్యం, వ్యాయామం కలిపి ఎలా చేయాలి?

నడుము పట్టేస్తే పిల్లవాడితో తొక్కించుకోవడం, లేదంటే ఎవరి దగ్గరికో వెళ్లి టక్కుమనిపించుకోవడం నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మామూలే. రెండు రోజులు హాయి, మూడో రోజు మళ్లీ మొదటికే. చేతి వైద్యం, అంటే ఫిజియోథెరపిస్టు చేతులతో చేసేది, బిగుసుకున్న నడుమును కాసేపు వదులు చేస్తుంది. ఆ కాసేపట్లోనే వ్యాయామం పడాలి.

ఇది 12 వారాలు దాటిన నొప్పికి మాత్రమే. మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు బలహీనపడినా, జ్వరం ఉన్నా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారు ఆ మాట ఫిజియోథెరపిస్టుకు ముందే చెప్పాలి. ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నుపూసలను పట్టి ఉంచే లిగమెంట్లు ఎముకలా గట్టిపడతాయి, వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది. అలాంటి వెన్నును ఎవరి చేతా విరిపించుకోకూడదు.

కావలసింది ఒక చాప. మంచం, పరుపు పనికిరావు. సమయం సాయంత్రమే. నిద్ర లేచిన గంటలోపు వెన్ను డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు నడుము వంచితే భారం ఎక్కువ.

ముందు ఫిజియోథెరపిస్టు నడుము, తుంటి కండరాలు వదులు చేస్తారు. ఓర్చుకోలేకపోతే చెప్పేయండి, నొప్పి పుడితేనే గుణం అన్నది ఉత్త మాట. తర్వాత ఇంటికెళ్లి రేపు చేద్దాం అనుకోకుండా అక్కడే చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు పదిసార్లు ఎత్తి దించండి.

అందరూ చెడగొట్టేది దీని తర్వాతిదే. చేతులు, మోకాళ్ల మీద నిలబడి కుడిచేయి ముందుకు, ఎడమకాలు వెనక్కు చాచాలి. చూడటానికి సులువు. కానీ కాలు ఎత్తగానే నడుము గుంటపడుతుంది, తుంటి ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు పని చేయాల్సిన కండరాలు ఊరుకుంటాయి, నొప్పి ఉన్న చోటే బరువు పడుతుంది.

నడుము మీద సగం నీళ్లున్న ప్లాస్టిక్ గ్లాసు పెట్టమనండి. కాలు చాచినప్పుడు నీళ్లు కదిలినా గ్లాసు పడకూడదు. పడితే కాలు నేల మీదే ఉంచి వెనక్కు జరపండి, ఎత్తకండి. ఊపిరి బిగపట్టవద్దు. ఎనిమిది సెకన్లు ఆగి పక్క మార్చండి. వంకరగా చేసిన ఇరవై కన్నా నిలకడగా చేసిన నాలుగే మేలు. కాలిలోకి నొప్పి జారితే వెంటనే ఆపేయండి.

బెల్టు కట్టుకుంటే చాలదా అని అడుగుతారు. చాలదు. దీర్ఘకాలిక నడుము నొప్పికి బెల్టులు, బరువులు కట్టి లాగడం, అల్ట్రాసౌండ్ మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. వ్యాయామాన్నీ చేతి వైద్యాన్నీ మాత్రం పనికొచ్చే వాటిలో చేర్చింది.

పత్తి ఏరి వచ్చిన రోజు సగం చేయండి, మానేయకండి. గుంట మగ్గం మీద కూర్చునేవారు అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. మర్నాటి పొద్దుటికీ నొప్పి తగ్గకపోతే లెక్క తగ్గించండి. గ్లాసు పడకుండా చేయగలిగితే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లడం వారానికి ఒకసారికి తగ్గించుకోవచ్చు, చాప మీద పని మాత్రం రోజూ ఉంటుంది.