నలభైలో ఫిగర్ స్కేటింగ్ బూట్లు కొంటున్నారా?

జూన్‌లో బడి తెరిచే ముందు అమ్మ బూట్లు కొనిపెట్టిన తీరు గుర్తుందా? బొటనవేలి ముందు నొక్కి చూసి, "పెరిగే కాలు, ఒక సైజు ఎక్కువే ఇవ్వండి" అనేది. ముందువైపు దూది కుక్కుకుని రెండేళ్ళు లాగించేవాళ్ళం. వదులుగా ఉంటే హాయి, బిగుతుగా ఉంటే కరుస్తుంది అన్న లెక్క మనకు అక్కడే పడిపోయింది. ఐస్ మీద ఆ లెక్క కొంప ముంచుతుంది.

నేను మిన్నియాపొలిస్‌లో నలభై ఒకటో ఏట స్కేటింగ్ మొదలుపెట్టాను. మొదటి జత మామూలు షూ సైజులోనే కొన్నాను. షాపులో ఎంత హాయిగా ఉన్నాయో! రింక్‌లో ఒంటికాలి మీద నిలబడగానే లోపల మడమ పైకి లేచేది, చీలమండ లోపలికి ఒరిగేది. లేసు బిగిస్తే పాదం మొద్దుబారేది. ఈ వయసులో కాళ్ళలో బలం ఎక్కడిదిలే అని ఆర్నెల్లు నన్నే నేను తిట్టుకున్నాను. చివరికి మా కోచ్ బూటులోంచి ఇన్‌సోల్ బయటికి లాగి, నేల మీద పెట్టి, దానిమీద నిలబడమంది. మడమ వెనక బొటనవేలంత ఖాళీ. తప్పు కాళ్ళది కాదు.

సెప్టెంబరు, అక్టోబరుల్లో కొత్త క్లాసుల్లో చేరేవాళ్ళు బూట్ల కోసం తిరుగుతుంటారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. అమెరికా సైజుల్లో స్కేటింగ్ బూటు సాధారణంగా మామూలు షూ కంటే ఒకటి, ఒకటిన్నర సైజు తక్కువ పడుతుంది. అలాగని అంకె తగ్గించి ఆర్డరు పెట్టేయకండి. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద పూర్తి బరువు మోపి నిలబడి ఇంకొకరిచేత రెండు పాదాల గీతలూ గీయించుకోండి. పొడవు, వేళ్ళ మొదట్లో వెడల్పు మిల్లీమీటర్లలో కొలవండి. ఏ కంపెనీ పట్టిక ఆ కంపెనీదే. ఎడియా మిల్లీమీటర్లలో చెబుతుంది, జాక్సన్, రీడెల్ అంకెతో పాటు వెడల్పుకు అక్షరం ఇస్తాయి. ఒకదాంట్లో సరిపోయిన సైజు ఇంకోదాంట్లో సరిపోతుందన్న నమ్మకం లేదు.

చెప్పులతో, ఉత్త కాళ్ళతో పెరిగిన మనలో చాలామందికి పాదం ముందు వెడల్పు, మడమ సన్నం. వేళ్ళు నొక్కుకుంటున్నాయని పొడవు పెంచితే మడమ దగ్గర వదులైపోతుంది. పెంచాల్సింది వెడల్పు అక్షరాన్ని. ముందు వెడల్పుగా, మడమ ఇరుకుగా చేసిచ్చే వీలుందా అని కూడా అడగండి.

వేసుకు చూసేటప్పుడు సన్నటి సాక్స్ చాలు. లేసులన్నీ వదులు చేసి, కాలు పెట్టి, మడమను వెనక్కి తన్ని, అప్పుడు బిగించండి. వేళ్ళ దగ్గర కాస్త వదులుగా, చీలమండ మలుపు దగ్గర గట్టిగా, పై కొక్కేల దగ్గర మళ్ళీ కొంచెం వదులుగా. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడకు తాకీ తాకనట్టుండాలి, మోకాళ్ళు వంచితే కొద్దిగా వెనక్కి రావాలి. మునివేళ్ళ మీద లేచినా మడమ కదలకూడదు. ఇదొక్కటి తప్పితే, మిగతావన్నీ బాగున్నా ఆ జత వద్దు.

తర్వాత గట్టిదనం. ఏ బూటు ఏ జంప్‌కు అని పట్టికలుంటాయి. వాటిలో మీ బరువు ఉండకపోవచ్చు. ముప్పై కిలోల పిల్ల జంప్ చేసినదానికీ, డెబ్భై అయిదు కిలోల మనిషి ఊరికే క్రాస్‌ఓవర్లు (మలుపులో ఒక కాలి మీదుగా ఇంకో కాలు వేస్తూ సాగడం) వేసినదానికీ బూటు మీద పడే భారం ఒకటి కాదు. పిల్లల మొదటి బూట్లు మనకు త్వరగా చీలమండ దగ్గర ముడతపడి చతికిలబడతాయి. అలాగని "ముందుముందు డబుల్స్ (గాల్లో రెండు చుట్లు తిరిగే జంప్‌లు) చేస్తారు కదా" అని షాపువాళ్ళు చూపించే చెక్కలాంటి బూటుకూ లొంగొద్దు. చీలమండ వంగకపోతే నడుము దగ్గర వంగుతాం, అదే పడిపోవడానికి దారి. లేసులు బిగించాక మోకాలు వేళ్ళ మీదికి వచ్చేలా వంగగలుగుతున్నారా, చూసుకోండి. వాడిన జత చవకగా దొరికినా ముందు ఆ ముడత కోసమే వెతకండి.

"కొన్నాళ్ళు కరిచినా అలవాటైపోతుందిలే" అనే మాట సగమే నిజం. పాదమంతా సమంగా పట్టేసినట్టుండటం, తోలు బిరుసుగా ఉండటం కొన్ని వారాల్లో తగ్గుతాయి. తిమ్మిరి, వేళ్ళు ముడుచుకుపోవడం, ఒకే ఎముక మీద సూదిలా నొప్పి, ఇవి అలవాటయ్యేవి కావు. షాపులో ఓవెన్‌లో వేడిచేసి కాలికి అచ్చు పోయించుకోండి, ఇంకా గుచ్చుకుంటే ఆ చోట తోలు సాగదీయించండి. మడమ వెనక బుడిపె వచ్చినా, ముందు లేసు నొక్కేచోట స్నాయువు వాచినా, జెల్ ప్యాడ్‌తో నెట్టుకురాకుండా డాక్టరుకు చూపించండి. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళయితే బొబ్బ లేచినా తెలియదు. మొదలుపెట్టే ముందే డాక్టరుతో మాట్లాడండి, రింక్ నుంచి వచ్చిన ప్రతిసారీ అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి.

హైదరాబాద్‌లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ చేసే పెద్దవాళ్ళకూ పాదం విషయంలో ఇదే లెక్క, కింద బ్లేడు బదులు చక్రాలు, అంతే తేడా.

బ్లేడు విడిగా కొంటే ముందు కొన్ని స్క్రూలే తాత్కాలికంగా బిగించమనండి. రెండు మూడుసార్లు స్కేట్ చేసి, కాలు ఒకవైపే ఒరిగిపోతుంటే బ్లేడు జరిపించి, అప్పుడు మిగతావి బిగించుకోండి. కొత్త బ్లేడుకు సాన పట్టారో లేదో అడగండి. అయితే వేడిచేసినా, బ్లేడు బిగించినా చాలా షాపులు వాపసు తీసుకోవు. అందుకే వాటికి ముందే ఇంట్లో తివాచీ మీద ఓ అరగంట వేసుకుని కూర్చోండి, లేవండి, మోకాళ్ళు వంచండి. రసీదు అందాకా పారేయకండి.