చిన్న ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) విమానానికి ఫ్లోట్లు బిగించడం ఎలా?

ఫ్లోట్లంటే నీళ్ల మీంచి లేచి, నీళ్ల మీదే దిగడానికి విమానానికి చక్రాల బదులు బిగించే తేలే దిమ్మెలు. చెరువు గట్టున తరచూ కనబడేది ఇదే. ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా మోడల్ విమానం ముక్కు నీళ్లలో పెట్టుకుని దున్నుకుంటూ పోతుంది, పైకి లేవదు. చుట్టూ ఉన్నవాళ్లు "మోటారు చాలట్లేదు, పెద్దది వెయ్యి" అంటారు. కిలో బరువుకు 200 వాట్లు ఇచ్చే మోటారు ఉంటే అది చాలు. నూటికి తొంభై సార్లు తప్పంతా ఫ్లోట్లు బిగించిన చోటులో, కోణంలో ఉంటుంది. పెద్ద మోటారు వేస్తే ముక్కువైపు బరువు పెరిగి ముక్కు ఇంకా మునుగుతుంది.

ఇక్కడ చెప్పే కొలతలన్నీ రెక్కల పొడవు 120 సెంటీమీటర్లు, బరువు కిలో ఉండే ఫోమ్ ట్రైనర్‌కి, అంటే కొత్తగా నేర్చుకునేవాళ్ల మోడల్‌కి. రెక్క పైన ఉండే రకమే తీసుకోండి. కింద రెక్క ఉన్న విమానానికి మొదటిసారే ఫ్లోట్లు పెట్టొద్దు, నీళ్లు రెక్క మీదికి కొడతాయి.

ఫ్లోట్లు

పొడవు విమానం పొడవులో ముప్పావు వంతు. ప్రొపెల్లర్ నుంచి తోక దాకా 90 సెంటీమీటర్లుంటే ఫ్లోటు 70 ఉండాలి. వెడల్పు 7, ఎత్తు ఐదున్నర. ఒక్క ఫ్లోటే విమానం బరువు మొత్తాన్ని తేల్చగలగాలి, ఇదీ లెక్క. రెండూ కలిస్తే బరువుకు రెట్టింపు తేలే శక్తి ఉంటుంది.

ఇళ్ల పైకప్పుకి వేడి తగలకుండా వేసే ఎక్స్‌పీఎస్ ఫోమ్ షీటు కొని, వేడి తీగతో కోయండి. మామూలు థర్మాకోల్ వద్దు. గింజల సందుల్లోంచి నీళ్లు పీలుస్తుంది, అంచులు రాలిపోతాయి. ఫెవిక్విక్ ఈ ఫోమ్‌ని కరిగించేస్తుంది కాబట్టి ఎపాక్సీ జిగురే వాడాలి. పైన పలుచని ప్యాకింగ్ టేపు చుట్టేస్తే సరిపోతుంది.

ఫ్లోటు అడుగున, సగం దాటాక కొంచెం వెనక, సెంటీమీటరు లోతున ఒక మెట్టు కోస్తాం. దీన్నే స్టెప్ అంటారు. వేగం పెరిగేకొద్దీ నీళ్లు ఫ్లోటు అడుగుని అంటుకుని కిందికి లాగుతుంటాయి. ఆ మెట్టు దగ్గర గాలి దూరి ఆ పట్టును తెంపుతుంది. అందుకే మెట్టు అంచు కత్తితో కోసినట్టు పదునుగా ఉండాలి. అందంగా కనబడాలని కొందరు ఇసుక కాగితంతో గుండ్రంగా నునుపు చేస్తారు, ఇంకొందరు మెట్టు మీదుగా టేపు లాగేస్తారు. అలా చేస్తే మెట్టు లేనట్టే. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ప్రయోగాత్మకంగా ఎగిరిన ట్విన్ ఆటర్ సీప్లేన్ ఫ్లోట్ల కిందా ఉండేది ఇలాంటి మెట్టే.

అసలు పని: మెట్టు ఎక్కడ, కోణం ఎంత

దీనికి ఒక సాయంత్రం మొత్తం పెట్టుకోండి. ల్యాండింగ్ గేర్ రంధ్రాలు ఎక్కడున్నాయో చూసి ఫ్లోట్లు అక్కడే తగిలించేయడం అందరూ చేసే తప్పు. ఆ రంధ్రాలు చక్రాల కోసం పెట్టినవి. వాటిని వాడుకోవచ్చు గానీ, ఫ్లోటు ముందుకు ఉండాలా వెనక్కి ఉండాలా అన్నది వాటిని బట్టి తేల్చకూడదు.

ముందు విమానం సీజీ, అంటే బ్యాలెన్స్ అయ్యే చోటు, ఎక్కడుందో మాన్యువల్‌లో చూసి రెండు రెక్కల కిందా మార్కరుతో గీత పెట్టండి. ఇక మీదట అన్నీ ఈ గీత నుంచే కొలవాలి.

ఫ్లోట్లను బల్ల మీద పెట్టి, పై తలం సమంగా వచ్చేలా కింద అట్టముక్కలు దోపండి. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చూస్తే చాలు. ఫ్లోటు పై తలం, మెట్టుకు ముందున్న అడుగు సమాంతరంగా కోసినవై ఉండాలి. ఇప్పుడు విమానాన్ని పుస్తకాల దొంతర మీద ఫ్లోట్లకు పైన నిలబెట్టండి. విమానాన్ని తిరగేసి ఫ్లోట్లు బిగించే పద్ధతి నాకు నచ్చదు. తలకిందులుగా ఉన్నప్పుడు కోణం ఎటు వంగిందో కళ్లు మోసం చేస్తాయి.

ఇక కోణం. ఫ్లోటు పై తలంతో పోలిస్తే రెక్క ముందు అంచు కొంచెం లేచి ఉండాలి, రెండు నుంచి మూడు డిగ్రీలు. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లయితే, బల్ల నుంచి కొలిచినప్పుడు ముందు అంచు వెనక అంచు కన్నా 7 నుంచి 10 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండాలన్నమాట. ఇది అడుగు చదునుగా ఉన్న రెక్కకి. కొలిచేది రెక్కని, బాడీని కాదు. చాలా ట్రైనర్లలో రెక్క బాడీకి ముందే కొంచెం వాలుగా ఉంటుంది. బాడీని చూసి కోణం పెట్టినవాళ్లు ఆ వాలుని రెండుసార్లు కలుపుతారు. కోణం మరీ ఎక్కువైతే విమానం తగినంత వేగం రాకముందే నీళ్ల మీంచి ఎగిరి, ఒక రెక్క వాల్చి పడిపోతుంది. మరీ తక్కువైతే అసలు నీళ్లను వదలదు.

కోణం కుదిరాక సీజీ గీత దగ్గర టేపుతో దారం అంటించి, కొసకి ఒక నట్టు కట్టి వేలాడదీయండి. దారం ఊగడం ఆగాక చూడండి. మెట్టు ఆ దారానికి సరిగ్గా సెంటీమీటరు వెనక ఉండాలి. ఫ్లోట్లను ముందుకీ వెనక్కీ జరుపుతూ అక్కడికి తీసుకురండి. మెట్టు దారం కన్నా ముందుకొస్తే విమానం ఫ్లోట్ల వెనక కొసల మీద కూలబడి, నీళ్ల మీద ఎగిరెగిరి పడుతుంది. మూడు నాలుగు సెంటీమీటర్లు వెనక్కి పోతే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) ఎంత లాగినా ముక్కు లేవదు. మొదట్లో చెప్పిన దున్నుడు చాలావరకు దీనివల్లే. ఇలా అమరినప్పుడు ఫ్లోటు ముక్కులు ప్రొపెల్లర్‌ని ఐదారు సెంటీమీటర్లు దాటి ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఫ్లోట్లు పొట్టి, కొత్తవి కోయాల్సిందే.

ఫ్లోట్ల మధ్య దూరం రెక్కల పొడవులో నాలుగో వంతు, 30 సెంటీమీటర్లు. ఈ దూరం ముందు, వెనక ఒకేలా ఉండాలి. రెండు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే నీళ్ల మీద తిన్నగా పోదు.

ఇవన్నీ సరిపోయాకే స్టీలు తీగ వంచండి. 3 మిల్లీమీటర్ల తీగ, రెండు ఫ్లోట్ల మధ్యా అడ్డంగా రెండు అల్యూమినియం గొట్టాలు, ఒక ఐమూల కట్టు. రబ్బరు బ్యాండ్లు వద్దు, నీళ్ల దెబ్బకి సాగి కోణం మారిపోతుంది.

మిగతావి

ఫ్లోట్లు బిగించాక సీజీ మళ్లీ చూడండి. బ్యాటరీని జరిపి దాన్ని పాత గీత మీదికే తేవాలి. రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌ని బెలూన్‌లో పెట్టి మూతి బిగించండి. మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీకి మాత్రం గాలి తగలాలి. ఎడమ ఫ్లోటు చివర చిన్న వాటర్ రడ్డర్ (నీళ్లలో విమానాన్ని పక్కకు తిప్పే చుక్కాని) పెట్టి తోక రడ్డర్‌కి కలపండి. ఉప్పునీళ్ల జోలికి పోవద్దు.

గుర్రపుడెక్క లేని, జనం దిగని చెరువు చూసుకోండి. గాలికి ఎదురుగా, ఎలివేటర్ పూర్తిగా పైకి పట్టి మెల్లగా కదిలించండి. వేగం పుంజుకుని ఫ్లోట్లు మెట్టు మీదికి లేచినప్పుడు నీళ్ల చప్పుడు మారుతుంది, వెనక జల్లు సన్నబడుతుంది. అప్పుడు ఎలివేటర్ స్టిక్ వదిలి పరుగెత్తనివ్వండి, వేగం నిండాక కొద్దిగా లాగండి. గాల్లో తోక అటూ ఇటూ ఊగుతుంటే తోక కింద అరచేయంత ఫిన్ (నిలువు పలక) ఒకటి అంటించండి. ముందుకు పెరిగిన ఫ్లోట్లవల్ల అలా అవుతుంది.

విమానం నీళ్ల మధ్య ఆగిపోతే మీరు దిగకండి. చేపల గాలానికి టెన్నిస్ బంతి కట్టి, విమానం అవతలికి విసిరి మెల్లగా లాక్కోవచ్చు.

ఇంటికొచ్చాక ఫ్లోట్లను వంటింటి త్రాసు మీద తూచి, వెళ్లేముందు రాసుకున్న బరువుతో పోల్చండి. ఐదు గ్రాములు పెరిగినా ఎక్కడో టేపు లేచినట్టే. అది వెతికి, ఆరబెట్టి, అతికించాకే మళ్లీ నీళ్లలో పెట్టండి.