కెర్నల్‌ను కావాలని క్రాష్ చేసే ముందు

హన్మకొండలో మా గదిలో ఆర్మ్ ప్రాసెసర్ బోర్డు మీద ర్యామ్‌ఊప్స్ (లినక్స్ కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ, క్రాష్ అయినప్పుడు ఆఖరి లాగ్‌ను ర్యామ్‌లో దాచే సదుపాయం) పరీక్షకు ముందు చూసుకునేవి:

– ఇన్వర్టర్. లాగ్ ఉండేది ర్యామ్‌లోనే. రీబూట్‌ను తట్టుకుంటుంది గానీ కరెంటు పోతే అంతే సంగతులు.

– మెమ్‌టైప్ విలువ. లాగ్ ఉండే ర్యామ్ చోటును కెర్నల్ ఎలా వాడాలో చెప్పే సెట్టింగ్ ఇది. 0 అంటే రైట్ కంబైన్ (రాతలను కొన్ని కలిపి ఒకేసారి ర్యామ్‌కు పంపడం), డిఫాల్ట్ అదే. 1 పెడితే క్యాష్ (ప్రాసెసర్ దగ్గరుండే చిన్న, వేగమైన మెమరీ) ఉండదు. భద్రం కదా అని మేమూ పెట్టాం. చాలా ఆర్మ్ చిప్‌లలో అలాంటి మెమరీ మీద ర్యామ్‌ఊప్స్‌కు కావాల్సిన అటామిక్ ఆపరేషన్లు (మధ్యలో తెగకుండా ఒక్క దెబ్బలో పూర్తయ్యేవి) పనిచేయవని తర్వాత తెలిసింది. 2 అంటే పూర్తి క్యాష్. వేగం బాగుంటుంది, కానీ రీసెట్‌లోపు ర్యామ్‌కు చేరని ఆఖరి లైన్లు పోవచ్చు. మనకు కావాల్సినవి అవే మరి! నేనైతే 0 దగ్గరే ఆగుతా.

– బూట్‌లోడర్ (కెర్నల్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్) లాగ్ ఉన్న ర్యామ్ చోటును తుడిచేయకూడదు.

– సింక్ కమాండ్ (డిస్కుకు ఇంకా చేరని డేటాను రాసేసేది) కొట్టాకే క్రాష్. మళ్లీ లేచాక, ఆ లాగ్ కనిపించే పీస్టోర్ ఫోల్డర్లోని ఫైలును కాపీ చేసుకోనిదే డిలీట్ చేయకండి.