కయాక్ వేట – 5వ పాఠం: ముందు చెవులు, తర్వాతే చేపలు

కయాక్ అనే చిన్న తెడ్డు పడవ మీద సముద్రంలోకి వెళ్ళి, ఊపిరి బిగబట్టి మునిగి (దీన్నే ఫ్రీడైవింగ్ అంటారు) చేపలు కొట్టడం ఈ పాఠాల సంగతి. ఈసారి స్పియర్‌గన్, అంటే నీళ్ళలో ఈటె వదిలే తుపాకీ, పట్టుకునే తీరు చెబుతానని పోయిన పాఠం చివర రాశాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. తలకిందులుగా మునగడం నేర్పాక మీ దగ్గర్నుంచి వచ్చిన మెసేజీల్లో ఎక్కువ భాగం ఒకటే మాట: మూడు మీటర్లకే చెవి పోటు, అక్కడినుంచి ఇక దిగలేకపోయాం. చెన్నై దగ్గరి కోవళంలో దిగినవాళ్ళదీ అదే, నీలాంకరైలో దిగినవాళ్ళదీ అదే. వేలచ్చేరి తమ్ముడొకడు పళ్ళు బిగించి ఐదు మీటర్ల దాకా వెళ్ళాడట. పైకొచ్చి మాస్క్ తీస్తే ముక్కులోంచి నెత్తురు. చెవి నొప్పిని ఓర్చుకోవడం ధైర్యమేమీ కాదు. నొప్పి మొదలైందంటే మీరు అప్పటికే ఆలస్యం చేసినట్టు.

నీటి మట్టం దగ్గర ఒత్తిడి ఒక అట్మాస్ఫియర్. పది మీటర్ల లోతుకు రెండు, ఇరవైకి మూడు. అంటే మనలో ఉన్న గాలి మొదటి పది మీటర్లలోనే సగానికి కుంచించుకుపోతుంది. తర్వాతి పది మీటర్లలో తగ్గేది అంతకంటే చాలా తక్కువ. చెవి లోపలి గాలీ అంతే, అందుకే చెవికి కష్టమంతా పైనున్న మొదటి కొన్ని మీటర్లలోనే ఉంటుంది. ‘రెండు మీటర్లే కదా, కిందికెళ్ళాక చూసుకుందాం’ అనుకునేవాళ్ళకే చెవి పట్టేస్తుంది. మధ్య చెవి నుంచి గొంతు వెనక్కి ఒక సన్నటి గొట్టం ఉంటుంది, యూస్టేషియన్ నాళం అంటారు. ఒక మీటరు పైచిలుకు దిగేదాకా దాంట్లోకి గాలి పంపకపోతే, ఒత్తిడికి అది మూసుకుని బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత ఊదినా తెరుచుకోదు. ఇంకా గట్టిగా ఊదితే లోపలి చెవి దెబ్బతింటుంది. ఒక మీటరు పైకి రండి, మెల్లగా మళ్ళీ చూడండి. అప్పటికీ కాకపోతే ఆ డైవ్ అక్కడితో ఆపి పైకి వచ్చేయండి.

కాబట్టి నీటి మీద బోర్లా తేలుతుండగానే ఒకసారి చెవుల్లోకి గాలి పంపాలి. నడుము వంచి తల కిందికి వెళ్ళగానే రెండోసారి. ఆ తర్వాత ముక్కు మీంచి చెయ్యి తియ్యకుండా అరమీటరుకోసారి.

ఇంట్లో కుర్చీలో కూర్చుని చేస్తే చెవులు టప్ మని తెరుచుకుంటున్నాయి, నీళ్ళలో తలకిందులైతే ఒక్కసారి కూడా రావడం లేదు, ఎందుకని మీలో కొందరు అడిగారు. కుర్చీలో మీరు చేస్తున్నది వల్సాల్వా పద్ధతి. ముక్కు మూసి, పొట్ట బిగించి, ఊపిరితిత్తుల్లోని గాలిని పైకి నెట్టడం. ఇటలీ వైద్యుడు ఆంటోనియో వల్సాల్వా 1704లో దీని గురించి రాశాడు. తలకిందులైనప్పుడు ఊపిరితిత్తులు గొంతుకంటే పైన ఉంటాయి, గాలి అటే పోతుంది. దాన్ని కిందికి నెట్టాలంటే పొట్టంతా బిగించాలి, ఒళ్ళు బిగిస్తే ఆక్సిజన్ ఖర్చు. ఫ్రీడైవింగ్‌కు కావలసింది ఫ్రెంజెల్ పద్ధతి. జర్మన్ వైద్యుడు హెర్మన్ ఫ్రెంజెల్ దీన్ని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, నిట్టనిలువుగా కిందికి దూసుకెళ్ళే విమానాల పైలట్లకు నేర్పాడు. ఇందులో ఊపిరితిత్తులతో పని లేదు. నోట్లో ఉన్న కాస్త గాలిని నాలుకే నెడుతుంది.

అద్దం ముందు నిలబడండి. నోరు మూసి ముక్కు పట్టుకోండి. దగ్గు రాబోయే క్షణంలో గొంతు లోపల ఒక మూత పడుతుంది చూడండి, దాన్ని అలాగే మూసి ఉంచండి. ‘త’ అనేటప్పుడు నాలుక కొన ఎక్కడ ఆనుతుందో అక్కడ ఆనించి, ‘క’ అనబోతున్నట్టు నాలుక వెనక భాగాన్ని పైకి నెట్టండి. శబ్దం బయటికి రాకూడదు. సరిగా వస్తే మూసిన ముక్కుపుటాలు కొంచెం ఉబ్బుతాయి, గొంతు మీద వేలు పెడితే గొంతుముడి పైకి కదలడం తెలుస్తుంది. రెండో చెయ్యి పొట్ట మీద ఉంచండి. పొట్ట బిగుసుకుంటే అది వల్సాల్వానే. ఇంకా అనుమానంగా ఉంటే ఊపిరంతా వదిలేసి చేసి చూడండి. ఫ్రెంజెల్ అయితే అప్పుడు కూడా వస్తుంది.

ఇది వచ్చాక కూడా కొందరికి చెవి తెరుచుకోదు. నన్ను అన్నిటికంటే విసిగించే తప్పు ఇక్కడే జరుగుతుంది, అది తల ఎత్తడం. తలకిందులుగా దిగుతున్నవాడు సముద్రం అడుగు ఎంత దూరముందో చూడాలనుకుంటాడు, గడ్డం పైకి లేస్తుంది. మెడ ముందు భాగం సాగుతుంది, గొంతు కండరాలు బిగుసుకుంటాయి, నాలుక పని చెయ్యదు, చెవి పట్టేస్తుంది. ఇప్పుడే కూర్చున్నచోట ఆకాశం వైపు తలెత్తి ఫ్రెంజెల్ చేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. తల ఎత్తితే నడుము కూడా విల్లులా వంగుతుంది, మీరు నిలువుగా కాకుండా ఏటవాలుగా ఎటో పోతారు. కొందరు అడుగు కోసం ఎత్తుతారు. కొందరు చేతి గడియారంలో లోతు చూడటానికి ఎత్తుతారు. ఇంకొకరు రాయి పక్కన సంకరా అనే ఎర్ర చేప కనిపించిందని ఎత్తారు, చేపా పోయింది, చెవీ పోయింది. దిగుతున్నంతసేపూ మీ చూపు కళ్ళకు ఎదురుగా, బరువు కట్టి కిందికి వేలాడదీసిన తాడు మీదే ఉండాలి. గడ్డం మెడ వైపు కొద్దిగా వంగి ఉండాలి. అడుగు చేరాక, ఒళ్ళు అడ్డంగా తిప్పి నిలకడగా పడుకున్నాక చూడండి ఎంత చూస్తారో.

వేట దృష్టితో చూసినా అదే మేలు. చేపను కన్నార్పకుండా చూస్తూ మీదికి దిగితే అది బెదిరిపోతుంది. అడుగున కదలకుండా పడుకుంటే పార చేపల్లాంటివి ‘ఇదేమిటా’ అని దగ్గరికి వస్తాయి. నా మటుకు నేను వెంటపడే వేట చెయ్యను, కాచుకుని కూర్చునే వేటే చేస్తాను. గన్ పాఠం కూడా ఆ దారిలోనే ఉంటుంది.

తాడు సంగతి. మీలో చాలామంది దిగే తాడును కయాక్ పక్కన హ్యాండిల్‌కు కట్టారు. దాన్ని పట్టుకుని లాగితే కయాక్ ఆ వైపుకు ఒరుగుతుంది, పైనున్న సామానంతా నీళ్ళలో పడుతుంది. లంగరు తాడు ముందు కొనకు, దిగే తాడు వేరే. మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల క్యాన్‌కు తాడు కట్టి, కింద ఐదు కిలోల బరువు వేలాడదీసి, ఆ క్యాన్‌ను కయాక్ వెనక కొనకు ఆరు మీటర్ల తాడుతో తగిలించండి. మీటరుకో రంగు టేపు చుట్టండి. అమ్మకానికి దొరికే బోయాలు (నీటి మీద తేలే బుడగలు) బాగానే ఉంటాయి గానీ నాకు క్యాన్ చాలు. పైన జెండా తప్పనిసరి, ఫైబర్ పడవలు వేగంగా వస్తాయి. వలలు ఎటు వేశారో ఒడ్డున జాలరులను అడక్కుండా బయల్దేరకండి, కాలికో నడుముకో చాకు ఉండాలి. చెన్నై దగ్గర నీళ్ళు చాలా రోజులు మసకగానే ఉంటాయి. తాడు మీద మీరు దిగే లోతు దగ్గరి టేపు పైనుంచి కనిపించకపోతే ఆ రోజు డైవింగ్ లేదు. పైన కాపలా ఉన్న మీ జోడీకి మీరు కనిపించాలి కదా.

జలుబు ఉంటే దిగొద్దు. ముక్కు తెరిచే మందు వేసుకుని దిగితే, కింద ఉండగా మందు పని తగ్గిపోయి పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి రాక చెవి పట్టేస్తుంది. దూది, ఇయర్ ప్లగ్స్ అసలే వద్దు. చెవి నొప్పి పెడితే ఇంట్లో పెద్దవాళ్ళు వెచ్చటి నూనె వేస్తామంటారు, వేయించుకోకండి. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే నూనె లోపలికి పోతుంది. నెత్తురు వచ్చినా, తల తిరిగినా, వినికిడి తగ్గినా చెవి డాక్టరు చూసేదాకా నీళ్ళ జోలికి వెళ్ళొద్దు.

చెవి కోసం తొందరపడి కొందరు మునిగేముందు గబగబా గట్టిగా ఊపిరి తీస్తున్నారని తెలిసింది. రెండో పాఠం మళ్ళీ చదవండి. దానివల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, ఊపిరి కావాలన్న కోరిక ఆలస్యంగా పుడుతుంది, పైకి వస్తూ స్పృహ పోతుంది. ఒకరు కింద ఉంటే ఒకరు పైన ఉండాలి. పైకి వచ్చినవాడిని ముప్పై సెకన్ల దాకా కళ్ళతో వదలకూడదు.

అభ్యాసం: రెండు వారాలు రోజూ, మంచం మీద వెల్లకిలా పడుకుని తల అంచు నుంచి కిందికి వేలాడేసి, గడ్డం కొద్దిగా వంచి యాభై ఫ్రెంజెల్‌లు. తర్వాత జోడీతో నీళ్ళలోకి. ఐదు మీటర్ల తాడు మీద ముందు కాళ్ళు కిందికి పెట్టి చేతులతో తాడు లాక్కుంటూ పదిసార్లు, తర్వాత తలకిందులుగా పదిసార్లు. ఎన్ని సెకన్లు కింద ఉన్నారో పైన కనీసం దానికి రెండింతలు. తల ఎత్తారో లేదో జోడీ పైనుంచి చూసి చెప్పాలి. ఒక్కసారి ఎత్తినా ఆ పది మళ్ళీ మొదటినుంచి. ఒక పూటలో అవదు, రెండు మూడు ఆదివారాలు పడుతుంది. తెల్లవారుజామునే వెళ్ళండి, ఎండ ఎక్కేకొద్దీ సముద్రపు గాలి లేచి కయాక్ నిలవనివ్వదు. ఇది పూర్తయినవాళ్ళకే ఆరో పాఠంలో గన్. ఆ పాఠానికి గన్‌కు వేసే రబ్బరు బ్యాండ్లు కొని ఉంచుకోండి, బిగించకండి.